మనోడు ప్రధానమంత్రిగా ఉన్న రోజులు

వానలు మొదలైతే కలకత్తా సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు గుమ్మం ముందు గోనెపట్టలు పరుస్తారు. లోపల గచ్చు అద్దంలా మెరుస్తుంది, తడి చెప్పులతో అడుగు పెడితే జారిపోవడం ఖాయం. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలితో పాటు ఆ తడిసిన గోనె వాసన ముక్కుకు తగులుతుంది. కాస్త మట్టి, కాస్త కిరసనాయిలు, కాస్త మగ్గిన గడ్డి కలిసిన వాసన. మెడలో కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్లు మొహం చిట్లించి దాని మీంచి దాటిపోతుంటారు. నేను మాత్రం గొడుగు మడిచే వంకతో అక్కడ కాసేపు నిలబడతాను. అది మా అయ్య వీపు వాసన. ఖిదిర్‌పూర్ డాక్‌లో పొద్దస్తమానం జనపనార బేళ్లు మోసి ఇంటికొచ్చి, చొక్కా విప్పి వసారాలో కూలబడితే, నేను వెనకనుంచి మెడ పట్టుకుని ఊగినప్పుడు వచ్చే వాసన.

మేం ఉండేది డాక్ గోడకు ఆనుకుని కట్టిన ఒంటిగది ఇళ్ల వరసలో. దాన్ని అందరూ లైను అనేవారు. వరసకు ఒక కుళాయి, కుళాయి చుట్టూ పాచి, పాచి మీద జారిపడని పిల్లలు లేరు. ఒక కొసన మా శ్రీకాకుళం వాళ్లు, మధ్యలో బీహారీలు, ఇంకో కొసన ముస్లిం కుటుంబాలు, వీధి మలుపులో బెంగాలీ బాబుల మేడలు. ఓడల మీంచి దిగిన టీ పెట్టెలు పగిలితే వాటి లోపలి వెండి రేకు మా పిల్లలకు దొరికేది. దానితో కిరీటాలు, వడ్డాణాలు చేసుకుని, ఇటుక ముక్కతో నేల మీద గళ్లు గీసి, ఆ రాజవేషంలోనే ఒంటికాలితో కిత్‌కిత్ ఆడేవాళ్లం. విశ్వకర్మ పూజనాడు డాక్ క్రేన్లకు బంతిపూల దండలు వేసేవారు, ఆకాశమంతా గాలిపటాలు. దుర్గ పూజకు మలుపులో పెట్టిన పందిట్లో మోదుగాకు దొన్నెల్లో వేడి కిచిడీ, ఈద్‌కు నూర్జహాన్ చాచీ ఇంటినుంచి సేమ్యా, ఎండల్లో మా మామ్మ కాచిన చోడి అంబలి, దాంట్లోకి కాల్చిన ఎండు నెత్తళ్ల చేపలు. ఆ నెత్తళ్ల పొగకు బాబుల మేడల్లో కిటికీలు ఠపఠపా మూసుకునేవి. మామ్మ ఆ చప్పుడు విని తృప్తిగా నవ్వేది.

మామ్మ అంటే మా అయ్య తల్లి, అప్పలనర్సమ్మ. ఎండిపోయిన చింతబరికెలా ఉండేది. అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని. కొత్తగా వచ్చిన బెంగాలీ పిల్లలు ఆమె నోట్లోంచి పొగ రావడం, నిప్పు కనబడకపోవడం చూసి హడలిపోయేవారు. ఆ నిప్పు అగ్గిపెట్టెది కాకూడదు. నూర్జహాన్ చాచీ బొగ్గుల పొయ్యిదే కావాలి. పొద్దున్నే చేతిలో చిన్న ఇనప గరిటె పట్టుకుని లైను ఆ కొసకు వెళ్లేది, ఓ కణిక తెచ్చుకునేది, మధ్యలో అరగంట కబుర్లు. ఈమెకు హిందీ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవారు గనక ఆ ఇబ్బంది ఎప్పుడూ బయటపడలేదు.

మా అయ్య పేరు సింహాచలం. బెంగాలీలు "శింగాదా" అనేవారు. అందరిలాగే ఆయనా ఎర్రజెండా యూనియన్‌లో సభ్యుడు. మా రాష్ట్రంలో అప్పుడు జెండాకు ఇంకో రంగు ఉంటుందని మాకు తెలియదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఒక్కరే ముఖ్యమంత్రి. తెల్లటి ధోవతి, నల్లటి కళ్లద్దాలు, నవ్వని మొహం. ముఖ్యమంత్రులు మారుతుంటారని బడిలో చెబితే నేను నమ్మలేదు. మా పిల్లల ఆటల్లో ఒకటి ఊరేగింపు ఆట. చీపురుపుల్లకు ఎర్ర గుడ్డ కట్టి "చోల్బే నా, చోల్బే నా" అని అరుచుకుంటూ కుళాయి చుట్టూ తిరిగేవాళ్లం. అంటే సాగదు, సాగదు అని. ఏది సాగదో మాకు తెలియదు. పెద్దవాళ్లకు తెలుసని మాత్రం అనుకునేవాళ్లం.

అలాంటి రోజుల్లో, నాకు పదేళ్లప్పుడు, ఢిల్లీలో ఒక తెలుగాయన ప్రధానమంత్రి అయ్యాడు.

ఆ కబురు మా ఇంటికి రసగుల్లాల రూపంలో వచ్చింది. కరెంటు పోయి ఉంది, వాన పడి వెలిసింది, లైనంతా పనసపండు వాసన. యూనియన్ సెక్రటరీ బిమల్‌దా మట్టి కుండ చేత్తో పట్టుకుని, బురదలో చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, భుజాన గుడ్డ సంచి. గుమ్మంలోంచే కేక.

"శింగాదా! తోమాదేర్ లోక్!"

మీవాడు అని. మా అయ్యకు అర్థం కాలేదు. ఎవరో చుట్టం ఊరినుంచి వచ్చాడనుకుని వీధిలోకి తొంగిచూశాడు. విషయం తెలిశాక మాత్రం వసారాలో నిటారుగా కూర్చున్నాడు. ఆ సాయంత్రం మలుపులో టీ కొట్టు దగ్గర ఆయనకు బల్ల మీద చోటిచ్చారు. అంతవరకూ నిలబడే తాగేవాడు. మా తెలుగు బడిలో మాస్టారు బొరుగులు, పటికబెల్లం పంచి, ఇక మన బడికి పుస్తకాలు సమయానికి వస్తాయన్నారు.

మామ్మ ఆయన పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "మన బాబు" అనేది. చివరిదాకా అంతే. ఆయనది శ్రీకాకుళం కాదమ్మా, తెలంగాణ అని మాస్టారు చెప్పబోతే, "ఎక్కడైతే ఏటి బాబూ, పంచి కట్టాడు గదా" అని కొట్టిపారేసింది. పేపర్లోంచి ఆయన ఫోటో కత్తిరించి, అన్నం మెతుకులతో అట్టకు అంటించి, సింహాద్రి అప్పన్న పటం పక్కన మేకుకు తగిలించింది. అప్పన్నకు పూలు పెట్టినప్పుడు ఒక రేకు అటు కూడా పడేది. ఆమెకు ఆయన దగ్గర ఒకే ఒక్క పని ఉంది. మా ఊరి స్టేషన్లో మెయిలు ఆగదు. పాసింజరు ఎక్కి వెళితే ఒక రోజు పైగా పడుతుంది. మెయిలెక్కితే ఊరు దాటిపోయి, ముందున్న పెద్ద స్టేషన్లో దిగి, బస్సు పట్టుకుని వెనక్కి రావాలి. మన బాబు వచ్చాడు గనక ఇక బండి మా ఊళ్లో ఆగుతుందని మామ్మ నిర్ణయించేసింది.

ఆ సంబరం దుర్గ పూజ దాకా కూడా నిలవలేదు. ఢిల్లీలో ఏవో కొత్త చట్టాలు, కొత్త పద్ధతులు వచ్చాయి. ప్రపంచంలో ఎవరైనా వచ్చి ఇక్కడ వ్యాపారం చేసుకోవచ్చట, నష్టాల్లో ఉన్నవి మూసేస్తారట, మనుషులు చేసే పని యంత్రాలు చేస్తాయట. మలుపులో గోడలన్నీ ఎర్ర అక్షరాలతో నిండిపోయాయి. టీ కొట్టు బల్ల మీద మా అయ్యకు చోటు అలాగే ఉంది గానీ, ఇప్పుడది బోను అయింది. మీ ప్రధానమంత్రి ఏం చేస్తున్నాడో చూశావా? మీ ప్రధానమంత్రి నవ్వడేం? మీ ప్రధానమంత్రికి అన్ని భాషలు వచ్చట, మరి కార్మికుడి భాష రాదా? చక్కెర ధర పెరిగితే మా అయ్యను అడిగేవారు. బస్సు చార్జీ పెరిగినా అడిగేవారు. అది పెంచింది రాష్ట్రం వాళ్లని చెప్పినా వినేవారు కాదు. అమ్మ కిరసనాయిలు వరసలో నిలబడితే ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, మీ ఆయన్ని ఢిల్లీకి ఓ ఉత్తరం రాయమను అనేది. అమ్మ ఖాళీ డబ్బా నేలకేసి కొట్టి ఇంటికొచ్చేది.

"కిరసనాయిలు ఆపీమని ఆయనకి నానేటి సెప్పినానా? ఆయనేటి నా మేనమామా?"

మా అయ్యది ఇంకా అన్యాయం. ఆయన కూడా ఆ కొత్త పద్ధతులకు వ్యతిరేకమే. డాక్‌లో మనుషుల్ని తగ్గిస్తారన్న భయం ఆయన ఒంట్లో ఉంది. పగలు గేటు దగ్గర అందరికంటే గట్టిగా "చోల్బే నా" అని అరిచేవాడు. అరిచి, గొంతు బొంగురుపోయి టీ కొట్టుకు వస్తే, మీవాడే గదా అని ఆయన్నే నిలదీసేవారు. ఇంటికొస్తే మామ్మ. "మనోడ్ని పట్టుకుని వీధిలో తిట్టినావట?" అని ఆమె నిలదీసేది. ప్రధానమంత్రిని సమర్థించనందుకు ఇంట్లో, సమర్థిస్తున్నాడన్న అనుమానంతో వీధిలో, రెండుచోట్లా ఆయనే ముద్దాయి. ఒకరోజు అన్నం కంచం ముందు చేతులు జోడించి దండం పెట్టాడు. ఎవరికో తెలియదు, గోడకు పెట్టాడు.

అప్పుడు సమ్మె పిలుపు వచ్చింది. దేశమంతా బంద్. దానికి ముందు రోజు మధ్యాహ్నం డాక్ గేటు దగ్గర ప్రధానమంత్రి దిష్టిబొమ్మ తగలబెట్టాలని యూనియన్ తీర్మానం. కుర్రాళ్లు వెదురు తడికల మీద గడ్డి చుట్టి, కుండకు సున్నం పూసి, మొహం గీసి, బిమల్‌దా ఇంటినుంచి తెచ్చిన పాత ధోవతి కట్టారు. కట్టి నిలబెట్టి చూస్తే పెద్ద చిక్కొచ్చిపడింది. బెంగాలీ పద్ధతిలో ముందుకు కుచ్చిళ్లు జారి, ఆ బొమ్మ అచ్చం మా ముఖ్యమంత్రిలా ఉంది. నవ్వని మొహం కూడా కలిసిపోయింది. చూసినవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. బిమల్‌దాకు ముచ్చెమటలు పోశాయి. దాన్ని తగలబెడితే పార్టీలో ఆయన పని అయిపోయినట్టే. పరుగున మా ఇంటికొచ్చాడు. తెలుగు పంచె కావాలి, అంచున్నది. భుజం మీద కండువా కావాలి. ఆ కట్టు కట్టడం మీకే వచ్చు, శింగాదా, ఉద్యమం కోసం.

మా అయ్య అలవాటుగా లుంగీ మనిషి. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పంచె. మా తాతది. పొందూరు ఖద్దరు, ఎర్రంచు, దానికి జతగా కండువా. తాత ఆ పంచె ఊరికి వెళ్లేటప్పుడు తప్ప కట్టేవాడు కాదట. డాక్‌లో బేలు జారి మీద పడి ఆయన పోయినప్పుడు, ఆ పంచె కప్పి సాగనంపుదామని అందరూ అంటే మామ్మ ఇవ్వలేదట. మనిషిని ఎలాగూ కాల్చేస్తారు, దీన్ని కూడా కాల్చాలా అని, వేరే గుడ్డ కప్పించి, దీన్ని వేపాకులు వేసి రేకు పెట్టె అడుగున దాచుకుంది. ఏడాదికోసారి ఎండలో వేసేది. వేసినంతసేపూ పక్కనే కూర్చునేది.

మామ్మ ఆ సమయానికి నూర్జహాన్ చాచీ ఇంట్లో ఉంది. మా అయ్య పెట్టె ముందు కాసేపు కూర్చున్నాడు. గుమ్మంలో బిమల్‌దా చెప్పులు టపటపలాడుతున్నాయి. ఈ పంచె ఇస్తేనైనా మీవాడు, మీవాడు అనడం మానేస్తారేమోనని ఆశపడ్డానని తర్వాత ఎన్నో ఏళ్లకు ఆయనే నాతో అన్నాడు. తీశాడు. చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మామ్మ ఇంటికొచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది, చాప మీద ఎండిన వేపాకులు రాలి ఉన్నాయి. నోట్లో చుట్ట నోట్లోనే ఉంది. నా రెక్క పట్టుకుని గేటువైపు నడిచింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. నేను పరిగెత్తాల్సి వచ్చింది.

గేటు దగ్గర ఎర్రజెండాల మధ్య బొమ్మ నిలబడి ఉంది. మా అయ్య కట్టిన కట్టు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసి దోపిన గోచీ, ఎర్రంచు సరిగ్గా మోకాలి పక్కగా దిగి, భుజం మీద మడత చెదరని కండువా. తాత ఫోటో మాకు లేదు. ఇలాగే ఉండేవాడేమో అనిపించింది నాకు. బిమల్‌దా చేతిలో కిరసనాయిలు సీసా. జనం జ్వాలియే దావ్, పురియే దావ్ అని అరుస్తున్నారు. కాల్చెయ్యండి, తగలబెట్టండి అని. మామ్మ మోచేతులతో దారి చేసుకుని లోపలికి దూరి, బొమ్మ నడుము దగ్గర ముడి పట్టుకుంది.

"మాషీమా! ఎటా ఆందోలన్!" అన్నాడు బిమల్‌దా, పిన్నీ, ఇది ఉద్యమం అని బతిమాలుతూ.

మామ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. నిప్పు కొస చూసి సీసా పట్టుకున్న బిమల్‌దా రెండడుగులు వెనక్కి వేశాడు.

"గడ్డి మీది. కాల్చుకోండి. కుండ మీది, కాల్చుకోండి. పంచి మా ముసిలాయన్ది."

ముడి విప్పింది. గోచీ లాగింది. కండువా తీసింది. అంతా మడతలు చూసుకుంటూ, తొందర లేకుండా, ఆరేసిన బట్టలు తీస్తున్నట్టు తీసింది. బొమ్మ ఒట్టి గడ్డి కాళ్లతో, సున్నపు మొహంతో మిగిలింది. ఎవరో నవ్వారు, ఆ నవ్వు జనమంతా పాకింది. జెండా పట్టుకున్న మా అయ్య మాత్రం తలెత్తలేదు. ఆమె ఆయన ముందు ఆగి, "నీ బాబుని రెండోపాలి కాల్చీడానికొచ్చినావా?" అంది. అంతే. పంచె గుండెకు హత్తుకుని నన్ను తీసుకుని వచ్చేసింది. వెనక గడ్డి భగ్గుమన్న చప్పుడు వినబడింది.

ఆ తర్వాత మామ్మ కొడుకుతో మాటలు మానేసింది. మాట్లాడాల్సి వస్తే నా ద్వారానే. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే, "పైడీ, మీ అయ్యని తినీమను" అనేది. "తింటానని సెప్పు" అనేవాడాయన. ఒంటిగది ఇంట్లో ఇది ఎంత చిరాకో పడ్డవాళ్లకే తెలుస్తుంది. నేను ఆడుకుంటుంటే కూడా పిలిచి ఈ కబుర్లు మోయించేవారు. బయట టీ కొట్టులో ఏమీ మారలేదు. పంచె ఇచ్చినందుకు మెప్పు లేదు, తెచ్చుకున్నందుకు ఎగతాళి. మీ అమ్మ ప్రధానమంత్రి పరువు కాపాడింది అనేవారు. కాపాడింది ప్రధానమంత్రిని కాదు, మా నాన్నని అని ఆయన చెబుతూనే ఉండేవాడు. ఎవరు వింటారు?

ఎండాకాలం సెలవులకు ఊరికి బయల్దేరాం. మెయిలుకు. ఆ తల్లీకొడుకుల మధ్య నేను, అమ్మ. మా ఊరు ఇంకా గంట దూరం ఉందనగా మామ్మ మూటలన్నీ తలుపు దగ్గరికి జరిపించింది. చీర సర్దుకుంది. ఆగదు అని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. టికెట్లు చూసే ఆయన, తలుపు దగ్గర నిలబడొద్దు ముసలమ్మా అంటే, "మన బాబు ఆపమన్నాడు" అని ఆయనకే చెప్పింది. జీడితోటలు వచ్చాయి. మా ఊరి కొండ వచ్చింది. స్టేషను వచ్చింది. సిమెంటు బల్ల మీద కూర్చున్న ఇద్దరు మనుషులు, ఓ మేక, పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు. బండి కూత వేసి, ఇంకాస్త వేగం పెంచి, దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. మామ్మ తలుపు కడ్డీ పట్టుకుని, వెనక్కి పోతున్న స్టేషన్‌ని కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత మా అయ్యవైపు తిరిగింది.

"ఏటిరా సింహాచలం, ఆపనేదేటి?"

ఆయన్నే అడిగింది! కలకత్తా అంతా అడిగినట్టే ఆమె కూడా, బండి ఆపనిది తన కొడుకే అన్నట్టు. మా అయ్య పగలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "సెప్తానమ్మా, ఆ బాబు అగుపిస్తే సెప్తాను" అన్నాడు. మామ్మకు కూడా నవ్వొచ్చింది, ఆపుకోబోయి పొగాకు రసం గొంతుకు అడ్డంపడి దగ్గింది. నా మధ్యవర్తి పని ఆ రోజుతో పోయింది. ముందున్న స్టేషన్లో దిగి, మండుటెండలో బస్సు కోసం నిలబడి, మామ్మ ప్రధానమంత్రిని మొదటిసారి తిట్టింది. ఫోటో మాత్రం గోడమీదే ఉంచింది.

అది దిగింది ఆ ఏడాది డిసెంబరులో. ఎక్కడో ఉత్తరాన పాత మసీదు కూల్చేశారన్న కబురు రేడియోలో వచ్చింది. మర్నాటికి మా పక్క కర్ఫ్యూ. గార్డెన్ రీచ్ వైపు ఆకాశంలో పొగ. పాలు లేవు, కూరగాయలు లేవు, కుళాయి దగ్గర ఒక్క మనిషి లేదు. వీధిలో సైనికుల బూట్ల చప్పుడు. లైను మధ్యలో బీహారీల ఇళ్ల దగ్గర ఎవరో బల్లలు అడ్డం పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లైనుకు రెండు కొసలున్నాయని నాకు తెలిసింది. అమ్మ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. మామ్మ చుట్ట లేకుండా, అగ్గిపెట్టె ఇస్తే విసిరికొట్టి, గోడకానుకుని కూర్చుంది.

కర్ఫ్యూ కాసేపు సడలించిన పొద్దున గరిటె పట్టుకుని లేచింది. వద్దమ్మా అని మా అయ్య అడ్డుపడితే తోసుకుని వెళ్లింది. చేసేది లేక ఆయనా, ఆయన వెనక నేనూ. చాచీ ఇంటి తలుపు వేసి ఉంది. మామ్మ గరిటెతో తలుపు కొట్టింది. లోపలినుంచి నూర్జహాన్ చాచీ గొంతు వినబడింది. ఏడ్చి ఏడ్చి మొద్దుబారిన గొంతు.

"ఆజ్ నహీ, అమ్మా. ఆగ్ అప్‌నే పీఎం సే మాంగో."

ఇవాళ వద్దు, నిప్పు మీ ప్రధానమంత్రినే అడుగు అని. హిందీ రాని మామ్మకు ఆ మాట అర్థమైంది. మా అయ్య తల వంచుకున్నాడు. ఇన్నాళ్లూ టీ కొట్టులో విన్నదాంతో దీనికి పోలికే లేదు. మామ్మ కదల్లేదు.

"నాకు ఏ పీఎమ్మూ నేడే, నూర్జానూ. నీ పొయ్యి ఉంది, నా చుట్ట ఉంది. నిప్పు ఇయ్యకపోతే ఇయ్యకు. నానిక్కడే కూకుంటాను."

నిజంగానే గడప మీద కూర్చుంది. అవతల సైనికులు గడియారం చూసుకుంటున్నారు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. చాచీ చేతిలో పట్టకారు, పట్టకారులో కణిక. దాన్ని గరిటెలో వేసి, అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ ఏడ్చారు, ఎప్పటిలాగే ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ.

ఇంటికొచ్చాక మామ్మ మేకునుంచి ఫోటో తీసింది. చింపలేదు. "మనిసిని దేవుడి పక్కనెట్టకూడదు. ఎట్టినోళ్లకీ మంచిది కాదు, ఆ మనిసికీ మంచిది కాదు" అని, బియ్యం డబ్బా కింద పరిచిన కాగితాల్లో పెట్టేసింది.

ఆ తర్వాత ఆయన పదవిలో ఉన్నన్నాళ్లూ మా మీద ప్రశ్నలు ఆగలేదు. దిగిపోయాక కూడా ఆగలేదు. డాక్‌లో పెద్ద పెద్ద ఇనప పెట్టెలు దించే యంత్రాలు వచ్చాయి. బేళ్లు ఎత్తేటప్పుడు మా వాళ్లు పాడుకునే పాట, ఒకడు అందుకుంటే పదిమంది హైలెస్సా అనే పాట, మెల్లగా పలచబడి ఒక ఏడాది అసలే వినబడలేదు. ముందుగా రిటైరయ్యేవాళ్లు అవ్వచ్చన్నారు. మొట్టమొదట అయినవాడు బిమల్‌దా. మా అయ్య ఇంకొన్నాళ్లు పళ్ల బిగువున పట్టుకుని, తర్వాత తనూ వచ్చేసి ఓ గోదాముకు కాపలాదారుగా చేరాడు. అప్పుడు కూడా టీ కొట్టులో అదే మాట, అంతా మీవాడి పుణ్యమే అని. మామ్మ పోయినప్పుడు మా అయ్య ఎవర్నీ అడగకుండా రేకు పెట్టె తెరిచి, ఆ ఎర్రంచు పంచె తీసి ఆమె మీద నిండుగా కప్పాడు.

నాకు అర్థం కానిది ఆ తర్వాత జరిగింది. కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని ఊరేగింపులు తీసినవాళ్లే, అదే ఎర్రజెండా ప్రభుత్వమే, సాల్ట్ లేక్ బురదలో అద్దాల మేడలు కట్టమని కంపెనీల్ని బతిమాలి పిలిచింది. బిమల్‌దా కొడుకు వాటిలో చేరాడు. నేనూ చేరాను. ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు మా అయ్య బస్టాండు దాకా వచ్చి, ఈ ఉద్యోగం ఎవరివల్ల వచ్చిందని అడిగితే ఏం చెప్పాలి అని గొణుక్కున్నాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, ఎవరికి దండం పెట్టాలో తెలియని ఆ చిరాకు నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

మొన్న మా ఆఫీసులో హైదరాబాద్ నుంచి వచ్చిన కార్తీక్ అనే కుర్రాడు, సిటీలో ఉన్న తెలుగువాళ్లమంతా కలిసి ఆ ప్రధానమంత్రి స్మృతిలో సభ పెడుతున్నాం, పాతతరం తెలుగువాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుంటుందని మా అయ్యను పిలిచాడు. నేను వద్దన్నాను. ఆయనే వస్తానన్నాడు. నాతో పాటు మా అమ్మాయి టియాను కూడా తీసుకెళ్లాను. మా ఆయన బెంగాలీ, పిల్ల చదువంతా ఇంగ్లీషు, ఆటలన్నీ బెంగాలీ, తాత మాటలు వింటే కాస్త అర్థమవుతాయి. ఏసీ హాలు, నిలువెత్తు ఫోటో, దానికి గులాబీల దండ. ఆయన లేకపోతే ఈ మేడలే లేవు, మనమెవరమూ ఇక్కడ లేము అని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. మనమెవరమూ లేము అన్నప్పుడల్లా మా అయ్య చుట్టూ చూశాడు. ఆ మేడలకంటే ముందు, వాళ్ల నాన్నల పెళ్లిళ్లకంటే ముందు, ఇదే ఊళ్లో హైలెస్సా అన్న మనుషుల సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. చివర్లో ఆయన చేతికి మైకిచ్చి, ఆ మహనీయుడి గురించి రెండు మాటలు చెప్పమన్నారు.

"ఆయన దిగిపోయి ఎన్నాళ్లయిందో బాబూ. నానింకా జవాబు సెప్తనే ఉన్నాను" అన్నాడు.

కుర్రాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు. యాస బాగుంది, భలే మాట్లాడారు తాతగారూ అన్నారు. ఆయన నాకేసి చూశాడు, ఇక పోదామా అన్నట్టు.

బయట చినుకులు పడుతున్నాయి. బస్టాపులో ముగ్గురం నిలబడ్డాం. ఖిదిర్‌పూర్‌లో మా లైను ఇప్పుడు లేదు. గోడ జరిపి, ఆ చోటంతా లారీలు నిలుపుతున్నారు. నూర్జహాన్ చాచీ కొడుకులు బడ్జ్ బడ్జ్ వైపు వెళ్లిపోయారని విన్నాం. తెలుగు బడికి తాళం. మాస్టారి తర్వాత ఎవరూ రాలేదు, రావడానికి పిల్లలూ లేరు. మలుపులో టీ కొట్టు ఉంది, నడిపేది ఎవరో కొత్త మనిషి. మీ ప్రధానమంత్రి అని మమ్మల్ని అక్కడ ఎవరూ నిలదీయరు. మేం ఎవరిమో వాళ్లకు తెలియదు. ఆ పోరు తప్పితే చాలని మొక్కుకున్న రోజులున్నాయి. తప్పాక ఇలా ఉంటుందని అనుకోలేదు.

టియా తాత చెయ్యి ఊపుతూ, దండ వేసిన ఆ ఫోటో ఎవరిది, మనకు ఏమవుతాడు అని బెంగాలీలో అడిగింది. ముప్పై ఏళ్లుగా మా అయ్యను అందరూ అడిగారు గానీ, కోపం లేకుండా, ఎగతాళి లేకుండా, ఊరికే తెలుసుకోవాలని అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

"ఏటీ కాడమ్మా" అన్నాడు. "మన బాస మాటాడేవోడు. అంతే."

టియా మొహం పైకెత్తి, వాన చినుకులకు కళ్లు చికిలించి ఆయన్ని చూసింది.

"కోన్ భాషా, దాదూ?"

ఏ భాష, తాతా?